ఐదు నోళ్ళలో ఒకే పన్ను

“ఉప్పు తగ్గిందా అని అడుగుతోంది మీ అక్క,” అన్నాడు బావ.

అక్క ఏమీ అడగలేదు. ఉప్పు గిన్నెను నా కంచం వైపు బెత్తెడు జరిపింది, అంతే. అక్క నోట మాట రాక అది నాలుగో రోజు.

“నాకు సరిపోయింది బావా.”

“నాతో చెబుతావేం? నేను దుబాసీని మాత్రమే.”

అక్క బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టింది.

“అదేమిటి?” అన్నాను.

“అది నా వాటా. నోరు మూసుకుని తినమని.” బావ ముద్ద మింగి, కాస్త ఆలోచించి అన్నాడు. “ఈ ఇంట్లో నోరు మూసుకోవడం అంటువ్యాధిలా ఉందే మరదలా.”

ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఆ నవ్వు ఎవరి పక్షాన పడుతుందో మా ముగ్గురికీ తెలియలేదు.

అక్క బట్టల కొట్టులో కటింగ్ మాస్టరు. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు బిగించి, ఒకరి భుజం కొలుస్తూ, మరొకరిని చీవాట్లు పెట్టగల నోరు అది. ఆ నోరు మూతపడింది. మూయించింది నేను. నేనంటే నా కల.

గురువారం నాడు పెన్సిలు కోసం నా సొరుగు తెరిచింది అక్క. పెన్సిలు కింద నా కలల పుస్తకం ఉంది. మూడేళ్ళుగా సోమవారం, శుక్రవారం నేను ఒకావిడ దగ్గరికి వెళ్తున్నాను. నిద్ర పట్టక, పనిలో చేతులు వణికి, కారణం తెలియని ఏడుపు గొంతులో పేరుకుపోయిన రోజుల్లో మొదలైన చికిత్స అది. ఆవిడ మందులివ్వదు, సలహాలివ్వదు. మనలో మనకు తెలియని భాగం ఒకటి ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుందని, కలల్లోనూ మతిమరుపులోనూ నోరు జారడంలోనూ దాని గొంతు వినిపిస్తుందని ఆ వైద్యం నమ్మకం. ఆవిడ వింటుంది. నేను చెప్పనిది కూడా వింటుంది. బావ ఆవిడకు ఊఁ-డాక్టరని పేరు పెట్టాడు. అక్క ఏ పేరూ పెట్టలేదు. “ఆ గది” అంటుంది. మనిషి లేనట్టు, గది మాత్రమే ఉన్నట్టు.

పుస్తకంలో అక్క చదివిన పేజీ ఇది:

“ల్యాబులో నా బల్ల ముందు అక్క కూచుంది. నోరు బాగా తెరిచి ఉంది. నేను ప్లాస్టరు కలిపి ఆ నోట్లో పోస్తున్నాను. ‘కదలకు, గట్టిపడేదాకా కదలకు’ అంటున్నాను. అక్క బుద్ధిగా కూచుని నన్నే చూస్తోంది. నాకు ఏడుపు రాలేదు.”

“నా నోట్లో పోశావా?” అంది అక్క, పుస్తకం మూయకుండానే.

“కల అక్కా అది.”

“కల ఎవరిది? పక్కింటివాళ్ళదా?”

“అలా చదవకూడదు దాన్ని.”

“ఎలా చదవాలో ఆ గదిలో నేర్పుతారు కాబోలు. నేను రాసింది రాసినట్టు చదివాను.” అక్క వేలు చివరి వాక్యం మీద నిలిచింది. “ఏడుపు రాలేదట. నా నోరు మూయించాలని ఉందన్నమాట నీకు. ముప్పై నాలుగేళ్ళు పెంచాక. సరే తల్లీ. మూస్తున్నా.”

ఆ తరవాత మాటలు లేవు.

ఇవాళ సోమవారం. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నా సంచీ మీద గోధుమరంగు కాగితం ముక్క ఉంది, కత్తిరింపుకు ముందు కొలతలు గీసుకునే కాగితం. దాని మీద సుద్దతో అక్క పెద్ద అక్షరాలు: “ఇవాళ ఆ గదికి వెళ్తే నాతో నీకు ఇక మాటల్లేవు.”

బావ నా భుజం మీదుగా చదివాడు. “ఇప్పుడేమైనా ఉన్నాయా?” అన్నాడు. అక్క చూసిన చూపుకి టోపీ తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. బస్సు డిపోలో టైమ్ కీపరు ఆయన. జీవితంలో మొదటిసారి అరగంట ముందు చేరి ఉంటాడు.

నాకు నవ్వు రాలేదు. అక్క ఉత్తుత్తి బెదిరింపులు చెయ్యదు. ఒక పెళ్ళిలో నా గురించి మా పిన్ని ఏదో చులకనగా అందని ఆమెతో మాట మానేసింది. పదహారేళ్ళయింది. పిన్ని ఆస్పత్రిలో మంచాన పడితే రోజూ వెళ్ళి తల దువ్వింది, దుప్పటి మార్చింది, ఒక్క మాట మాట్లాడలేదు. అలాంటి మనిషి సుద్దతో రాసిన మాట అది. నాకు తల్లీ తండ్రీ అక్కే. అక్క మాట లేని ఇంట్లో నేను ఎలా ఉంటానో ఊహించబోతే, ఊహకు మొదటి అడుగే పడలేదు.

కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను. వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు.

*

నేను పళ్ళ సెట్లు చేస్తాను. నోళ్ళు చూసేది దంతవైద్యులు. నా దగ్గరికి వచ్చేవి నోళ్ళ అచ్చులు. మెత్తని ముద్దను నోట్లో పెట్టి, గట్టిపడ్డాక తీసి, వాళ్ళు పంపుతారు. ఆ గుంటల్లో నేను ప్లాస్టరు పోస్తాను. ప్లాస్టరు గట్టిపడి బయటికి వస్తే ఒక మనిషి చిగుళ్ళు, అంగిలి, దాని మడతలతో సహా నా అరచేతిలో ఉంటాయి. ఆ పైన మైనం వరస కట్టి పళ్ళు ఒక్కొక్కటే గుచ్చుతాను. పదిహేడేళ్ళుగా ఈ ఊళ్ళో చాలామంది నా పళ్ళతో నవ్వుతున్నారు. వాళ్ళ ముఖాలు నాకు తెలియవు.

“అమ్మాయ్, ఇలా రా,” అన్నాడు ల్యాబు పెద్దాయన. నాకు ఈ పని నేర్పింది ఆయనే.

ఆయన ముందు పళ్ళెంలో ఒక సెట్టు ఉంది.

“సంగీతం మాష్టారిది. తిరిగొచ్చింది.”

“కొరుకుడు సరిగ్గా పడలేదా అండీ?”

“కొరుకుడు బ్రహ్మాండం. మాట స్పష్టంగా ఉందట, పాట కూడా పలుకుతోందట. ఆయన నవ్వితేనే వాళ్ళావిడ భయపడుతోందట. తన మొగుడి నోట్లోంచి ఇంకెవరో నవ్వుతున్నట్టుందట.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అరలోంచి ఇంకో నాలుగు సెట్లు తీసి వరసగా పేర్చాడు. మైనంలోనే ఉన్నాయి, ఇంకా పూర్తి కాలేదు. ఈ నెలలో నేను కట్టినవి.

“పై వరస చూడు. ఎడమ పక్క ముందు పన్ను.”

చూశాను. ఐదింటిలోనూ ఆ పన్ను లోపలికి కొద్దిగా తిరిగి, దాని అంచు పక్క పన్ను మీదికి గోరంత ఎక్కి ఉంది.

“సహజంగా ఉండడానికి కాస్త వంకర పెట్టమని చెప్పింది నేనే,” అన్నాడు పెద్దాయన. “కానీ ఒక్కో నోటిది ఒక్కో వంకర. నువ్వు ఐదు నోళ్ళకీ ఒకే వంకర పెట్టావు. స్కేలు పెట్టి కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు.”

“పొరపాటైందండీ.”

“పొరపాటు ఇంత శుభ్రంగా ఉండదమ్మాయ్. చూసి చెక్కినట్టుంది. ఎవరిదీ పన్ను?”

ఎవరిదో చెప్పడానికి కొలవనక్కర్లేదు. ఆ పన్ను కథ నేను నా పేరు కన్నా ఎక్కువసార్లు విన్నాను.

నాకు ఐదేళ్ళప్పుడు, అమ్మ పోయిన మరుసటేడు, జ్వరం నెత్తికెక్కి కళ్ళు తేలేశానట. ఇరవై ఏళ్ళ అక్క నన్ను భుజాన వేసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో ఆస్పత్రికి పరిగెత్తిందట. మెట్ల దగ్గర కాలు జారిందట. నన్ను వదిలితే చేతులు ఆనించుకునేదే. వదల్లేదు. ముఖం మెట్టుకి కొట్టుకుంది. పన్ను తిరిగిపోయింది. నేను బతికాను. ఈ కథ బావవైపు చుట్టాలకి, ఇరుగుపొరుగుకి, నా స్నేహితురాళ్ళకి, చివరికి నన్ను చూడడానికి వచ్చిన పెళ్ళివాళ్ళకి కూడా అక్క చెప్పింది. చెప్పి, చూపుడువేలితో పై పెదవి ఎత్తి, “దీని ప్రాణం ఇదిగో, ఇక్కడుంది” అనేది. అప్పుడు అందరూ మొదట పన్నుని, తరవాత నన్ను చూసేవారు. నేను తల దించుకునేదాన్ని. అలా తల దించుకోవడాన్నే అందరూ కృతజ్ఞత అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

“ఐదూ సరిచేస్తానండీ,” అన్నాను.

“చెయ్యి. కానీ ముందు ఇంటికెళ్ళి ఆ పన్ను ఎవరిదో వాళ్ళతో మాట్లాడు,” అన్నాడు పెద్దాయన.

*

“ఇవాళ రాకూడదనుకున్నాను,” అన్నాను ఆ గదిలో.

“ఊఁ.”

“వస్తే అక్క మాట పోతుంది. రాసి ఇచ్చింది.”

“వచ్చారు.”

“వచ్చాను. ధైర్యం చేసి కాదు. ఆ పన్ను సంగతి అక్కకి చెప్పకముందు ఇంకెక్కడైనా బయటికి అనాలనిపించింది. ఒక్కసారి అని చూసుకోవాలనిపించింది.”

చెప్పాను. ఐదు సెట్లు, మాష్టారి భార్య, స్కేలు, అన్నీ. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో ఉంది, నా చూపుకు కాస్త పక్కగా. మూడేళ్ళలో ఆ కుర్చీ అంగుళం జరగలేదు. జరగని వస్తువొకటి లోకంలో ఉండడం ఎంత ఆసరానో నాకు ఆ గదిలోనే తెలిసింది.

“ఇది పగేనండీ,” అన్నాను. “అక్క ఆ పన్ను చూపించి చూపించి నన్ను వంచింది. ఇప్పుడు నేను దాన్ని ఊరందరి నోళ్ళలో పెట్టి నవ్వులపాలు చేస్తున్నాను. కల కూడా అదే. అక్క చదివిందే సరి. నోరు మూయించాలని ఉంది నాకు. నేను ఎలాంటి మనిషినండీ?”

ఆవిడ ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే నా ప్రశ్న అక్కడే చచ్చిపోయేది. కల గురించి అడిగింది.

“కలలో నోట్లో ప్లాస్టరు పోశారు. మీరు రోజూ చేసే పనేనా అది?”

“అయ్యో, నోట్లో ఎవరు పోస్తారండీ! నోళ్ళతో మాకేం పని? మేం అచ్చులో...”

ఆగిపోయాను.

ఈసారి ఆవిడ ఊఁ అనలేదు.

అచ్చులో పోస్తాం. గుంటలో పోసినది గుంటను మూయడానికి కాదు. ఆ గుంట ఆకారం ఇంకోచోట నిలబడడానికి. పోత గట్టిపడేదాకా అచ్చు కదలకూడదు. కదిలితే పోత వంకరపోతుంది. రోజుకు నాలుగుసార్లు నేను అనే మాటే అది, నా చేతికిందివాళ్ళతో: కదపకు, గట్టిపడేదాకా కదపకు.

“అక్క అచ్చు,” అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. “అందరూ అనేవారు. అచ్చుగుద్దినట్టు అక్కే అని. నడక, విసుగు, చెయ్యి తిప్పడం. నాకు ఒళ్ళు మండేది. మరి కలలో పోసింది... నన్నా? నేనే ప్లాస్టరునా?”

“ఏమనిపిస్తోంది?”

“అక్క కదల్లేదండీ కలలో. అంత బుద్ధిగా కూచుంది. అక్క ఎప్పుడూ అలా కూచోదు. నేను గట్టిపడేదాకా కదలకుండా కూచుంది. ముప్పై నాలుగేళ్ళు.” అప్పుడు ఏడుపొచ్చింది. కలలో రానిది. “అయితే నేను అక్క నోరు మూయలేదు కదా?”

“మూశారేమో కూడా.”

తలతిప్పి చూశాను. ఆవిడ ముఖంలో కాఠిన్యం లేదు.

“రెండూనా?”

“రెండూ ఒక కలలో ఇమడకూడదని ఎవరన్నారు?”

ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. కోపం ఉన్నచోట ప్రేమ ఉంటే ఆ ప్రేమ నకిలీ అనీ, ప్రేమ ఉన్నచోట కోపం తలెత్తితే నేను ద్రోహిననీ. ఆ రెంటికీ మధ్య నిద్రలేకుండా తిరిగాను. ఆవిడ ఒక చిన్న ప్రశ్నతో ఆ రెంటినీ ఒకే గదిలో కూచోబెట్టింది. బయటికి వస్తూ గుమ్మం దగ్గర నిలబడి ఏదో అనబోయాను. కృతజ్ఞత చెప్పడం నాకు అలవాటైన పనే. తల దించుకుంటే చాలు. ఆవిడ ముందు తల దిగలేదు. కళ్ళలోకి చూశాను. ఆవిడా చూసింది. అది సరిపోయింది.

*

ఇంటికి వచ్చేసరికి అక్క ముందుగదిలో పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి సుద్దగీతల వెంట కత్తెర నడుపుతోంది. కొట్టులో మిగిలిన పని. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు. బావ ఇంకా డ్యూటీ దిగలేదు.

“వెళ్ళాను అక్కా,” అన్నాను.

కత్తెర ఆగలేదు.

“మాటల్లేవన్నావు. నీ మాటలు లేకపోయినా నావి ఉన్నాయి. విన్నాక నీ ఇష్టం.”

పన్ను సంగతి చెప్పాను. సంగీతం మాష్టారి దగ్గర మొదలుపెట్టి. మూడో సెట్టు దగ్గర కత్తెర నెమ్మదించింది. ఐదో సెట్టు దగ్గర ఆగింది. అక్క సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చింది.

“ఐదుగురికా?” అంది.

నాలుగు రోజుల తరవాత మొదటి మాట. గొంతు బొంగురుపోయి ఉంది.

“ఐదుగురికి.”

“మాష్టారు మగవాడు కదే!”

“పన్నుకి ఆడామగా ఏమిటక్కా?”

“నా నవ్వు తీసుకెళ్ళి మీసాల కింద పెట్టావా? ఊరంతా పంచిపెట్టావా, అడగకుండా? వాళ్ళావిడ భయపడిందీ అంటే పడదూ మరి! ఆయన పాట పాడుతుంటే మధ్యలో నేను నవ్వుతుంటే?”

“భయపడాల్సినంత నవ్వేం కాదులే నీది.”

“నోరుముయ్.”

ఆ మాట అన్నాక ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడ్డాం. అక్క పెదవి కొనలో నవ్వు లాంటిది కదిలి, నిలవకుండా పోయింది.

“ఎగతాళికి పెట్టావా?” అంది.

“ఏమో. అది కూడా కొంత ఉండొచ్చు. నీ మీద నాకు కోపముంది అక్కా. చాలా ఉంది. కానీ ఎగతాళికి ఇంత శ్రద్ధ ఎవరూ పెట్టరు. వెంట్రుకవాసి తేడా లేదట. నేను చూసి చెక్కలేదు, అనుకుని చెక్కలేదు. చెయ్యి చెక్కింది.”

అక్క బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూచుంది. తన చేతులకంటిన సుద్దను దులుపుకుంది.

“అది నా పన్ను కాదే,” అంది.

“అంటే?”

“అమ్మది. అమ్మకి అచ్చం అలాగే ఉండేది. నాకు పుట్టుకతో వచ్చింది. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చినప్పుడే వంకరగా వచ్చింది. అమ్మ చూసి, ‘నా దొంగసొత్తు దొరికిపోయింది’ అని నవ్వింది.”

వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేశారు.

“మరి మెట్ల మీద పడ్డం?”

“పడలేదు.”

నాకు అమ్మ ముఖం తెలియదు. ఉన్న ఒక్క ఫొటోలో అమ్మ పెదాలు బిగించి ఉంటుంది. నాలుగేళ్ళ పిల్ల కళ్ళకి ఒక నవ్వు ఎంత కనిపించి ఉంటుందో, అది ఏ మూల దాక్కుని ఉంటుందో నేను చెప్పలేను. నా చెయ్యి చెక్కింది ఎవరి నవ్వు? అక్కదా, అక్క వెనక ఉన్నదా? బహుశా నా చేతికి ఆ తేడా తెలియదు.

కోపం రావాలి అనుకున్నాను. వచ్చింది కూడా. ముప్పై మూడేళ్ళు ఒక అబద్ధానికి తల దించుకున్నాను. ఎన్ని ముఖాల ముందు. పెళ్ళివాళ్ళ ముందు. కోపం వచ్చి నా పక్కన కూచుంది. నేను దాన్ని తరమలేదు. అది కూచుని ఉండగానే దాని వెనక ఇంకొకటి కనిపించింది.

పరిగెత్తిన మధ్యాహ్నం ఒక్కటి పోతే మిగిలిన రోజులన్నీ అలాగే ఉన్నాయి. నా స్కూలు పాఠాలు తానూ బట్టీపట్టి, నాతో పోటీగా ఒప్పజెప్పి, కావాలని ఓడిపోయిన అక్క. తన ఒక్క మంచి లంగా కత్తిరించి నాకు గౌను కుట్టి, అతుకు కనిపించకుండా అతుకు మీద పువ్వు కుట్టిన అక్క. ‘దాన్ని కూడా తెచ్చుకుంటేనే వస్తాను’ అని బావతో పెళ్ళికి ముందే చెప్పిన అక్క. ఇవేవీ అక్క ఎవరికీ చెప్పలేదు. చెప్పినదే అబద్ధం. చెప్పనివన్నీ నిజం. కట్టుకథ ఊడిపోయాక కూడా కింద కదలకుండా ఉన్నది ఏమిటో, దాన్ని కృతజ్ఞత అనాలని నాకు ఆ క్షణాన తెలిసింది. అంతకు ముందు నాది మెడనొప్పి మాత్రమే.

“అక్కా, నేను నీకు ఇంతవరకు ఒక్కసారి కూడా...”

“వద్దు.”

“విను. ఇంతకాలం నువ్వు చెప్పించుకున్నావు, నేను చెప్పాను. నా అంతట నేను చెప్పలేదు. నువ్వు లేకపోతే...”

“వద్దన్నానా!” అక్క స్టూలు మీంచి లేచింది. “ఆ మాట నువ్వు అంటుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఇవాళ కాదు, మొదటినించీ. నువ్వు తల దించుకున్నప్పుడల్లా నాకు లోపల ఏదో తెగేది. అందుకే ఇంకొంచెం గట్టిగా చెప్పేదాన్ని ఆ కథ. ఎంత గట్టిగా చెబితే అంత నిజమవుతుందని.”

“ఎందుకక్కా?”

తలుపు చప్పుడైంది. బావ. చెప్పులు విడుస్తూ గుమ్మంలో చెవి ఒగ్గాడు.

“ఎవరిదా గొంతు? మా ఆవిడదేనా? నా ఉద్యోగం పోయిందన్నమాట.”

“మీరు కాసేపు బయట అరుగు మీద కూచోండి,” అంది అక్క.

“ఎంతసేపు?”

“మీ టైమ్ టేబుల్లో లేనంతసేపు.”

బావ నా ముఖం చూశాడు, అక్క ముఖం చూశాడు. మరో జోకు నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టుంది. విడిచిన చెప్పులు మళ్ళీ వేసుకుని, తలుపు దగ్గరగా లాగి వెళ్ళాడు. వివరం అడగకుండా బయట కూచోగలవాళ్ళు కొందరే ఉంటారు.

“శుక్రవారం కూడా వెళ్తావా ఆవిడ దగ్గరికి?” అడిగింది అక్క. ఆ గదికి అనలేదు.

“వెళ్తాను.”

“ఇదంతా చెబుతావా?”

“చెబుతాను.”

“అయితే సరిగ్గా చెప్పు. సగం కత్తిరించిన గుడ్డలా కాకుండా.” అక్క కూచోలేదు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది. “నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేనే. అది నిజం. పరిగెత్తలేదు, అంతే. బయల్దేరడానికి ముందు కొంతసేపుంది. ఆ కొంతసేపు ఎవరికీ తెలియదు. మీ బావకి కూడా తెలియదు.”

అక్క లేచిన స్టూలు మీద నేను కూచున్నాను. ఊఁ అని కూడా అనలేదు. ఏ ముక్క వినవలసి వచ్చినా ఆ స్టూలు మీంచి లేవనని మాత్రం నాలో నేను అనుకున్నాను. ఆమె పరిగెత్తినందుకు కాదు నేను ఇక్కడ కూచున్నది. ఆ కొంతసేపు ఎలాంటిదైనా, దాని అవతల నన్ను ఎత్తుకున్నందుకు.

“నాకు ఇరవై ఏళ్ళే,” అంది అక్క. “ఆ వారమే నాకు వేరే ఊళ్ళో పని దొరికింది. ఒంటరిగా అయితేనే రమ్మన్నారు. ఆ మధ్యాహ్నం నీ ఒళ్ళు పెనంలా కాలుతోంది. ‘అక్కా, నీళ్ళు’ అన్నావు. నేను లేచాను.”

ఆగి, మొదటిసారిగా నా కళ్ళలోకి చూసింది.

“లేచి, ముందు వెళ్ళి, ఎవరూ రాకుండా వీధి తలుపుకి లోపలినించి గడియ పెట్టాను.”